ఉత్తర తెలంగాణ లోక్‌సభ సభ్యుల ఓట్లు, ప్రశ్నలు: పనితీరు పత్రంలో ఏది రాయాలి?

హనుమకొండ పాఠకుడు:

హనుమకొండలో మేము కొందరం నెలకొకసారి కూడి, ప్రజా వ్యవహారాలకు సంబంధించిన ఒక అంశాన్ని చదువుకొని చర్చించుకుంటాము. వచ్చే సమావేశానికి వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ లోక్‌సభ సభ్యుల పనితీరుపై ఒక పత్రం సిద్ధం చేయాలని నిర్ణయించాము. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడం మా ఉద్దేశం కాదు. బిల్లులపై ఎవరు ఎటు ఓటు వేశారు, ప్రభుత్వాన్ని రాతపూర్వకంగా ఏమి అడిగారు అనే రెండింటికే పరిమితం కావాలన్నది మాలో మేము చేసుకున్న కట్టుబాటు.

ప్రశ్నల సంఖ్య సులువుగానే దొరికింది. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ సభ్యుల హాజరు, పాల్గొన్న చర్చలు, అడిగిన ప్రశ్నలు, ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుల బిల్లులు (మంత్రులు కానివారు తెచ్చేవి), అన్నిటినీ సభ్యుల వారీగా చూపుతోంది. ఓట్ల విషయంలోనే పని ముందుకు సాగలేదు. అటువంటి పట్టిక మాకు ఎక్కడా కనబడలేదు. ఒకటి రెండు బిల్లులకు పేర్ల జాబితాలు దొరికినా, మేము వెతికిన ఒక సభ్యుడి పేరు అనుకూలంగా ఓటు వేసినవారిలోనూ లేదు, వ్యతిరేకించినవారిలోనూ లేదు. దానిని గైర్హాజరు అని రాయవచ్చునా? ఇంత తలనొప్పి ఎందుకు, ఓట్ల సంగతి వదిలేసి ప్రశ్నల సంఖ్యను బట్టి ఐదుగురికీ ర్యాంకులు ఇద్దామని మా మిత్రులొకరు అంటున్నారు. అది సబబు కాదని నాకు తోస్తున్నది కానీ, ఎందుకు కాదో ఆయనకు నచ్చజెప్పలేకపోతున్నాను. ఈ వ్యవహారం ఎరిగినవారు వివరించగలరని ప్రార్థన.

విశ్రాంత విలేకరి, వరంగల్:

మీకు పట్టిక దొరకకపోవడంలో మీ వెతుకులాట లోపమేమీ లేదు. మన చట్టసభల్లో చాలా బిల్లులకు అటువంటి పట్టిక అసలు తయారే కాదు. సభాపతి ప్రశ్నను సభ ముందుంచి, అనుకూలురు అవుననీ వ్యతిరేకులు కాదనీ అన్న తరువాత, ఏ పక్షం ఎక్కువగా ఉన్నదో విని ఫలితం ప్రకటిస్తారు. మూజువాణి ఓటు అంటే ఇంతే. ఆ ప్రకటనను ఎవరైనా సవాలు చేసి డివిజన్ కోరినప్పుడు మాత్రమే ఓట్లు లెక్కకు వస్తాయి, పేర్లు రికార్డుకు ఎక్కుతాయి.

మన రాష్ట్రాన్ని ఏర్పరచిన బిల్లునే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. రెండు చోట్లా బిల్లు గట్టెక్కింది మూజువాణి ఓటుతోనే. ఆనాడు ఎవరు ఎటువైపు నిలిచారో వరంగల్‌లో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. తుది ఓటులో ఫలానా సభ్యుడు ఇటు వేశారని చూపగల అధికారిక జాబితా మాత్రం లేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులకు ప్రతిపక్షం డివిజన్ కోరినా, మూజువాణి ఓటుతోనే ఆమోదం ప్రకటించారు. ఆ గొడవ చాలాకాలం నడిచింది.

పేర్లు తప్పనిసరిగా దొరికేది రాజ్యాంగ సవరణ బిల్లులకు. 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి కనుక, లెక్కించక తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. మామూలు బిల్లుల్లోనూ గట్టి పోటీ ఉన్నవాటికి డివిజన్ జరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు అర్ధరాత్రి దాటిన తరువాత 288 ఓట్లతో గెలిచింది, 232 వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ఒకే సమయంలో ఎన్నికలు జరపాలన్న బిల్లును ప్రవేశపెట్టడానికే 2024 డిసెంబరు 17న ఓటింగ్ అవసరమైంది. 269 మంది ఔనన్నారు, 198 మంది కాదన్నారు. ఇటువంటివాటిని ఎంచుకుంటే మీకు పేర్లు దొరుకుతాయి. ఆ రోజు సభా చర్చల పూర్తి పాఠంలో, ఫలితం ప్రకటించిన చోటనే జాబితా ఉంటుంది.

ఇక కనబడని పేరు సంగతి. సభ్యుల బల్లలపై ఆకుపచ్చ, ఎరుపు, పసుపు మీటలు ఉంటాయి. పసుపు నొక్కినవారు తటస్థులుగా నమోదవుతారు, వారి పేర్లు విడిగా వస్తాయి. మూడింటిలో ఎక్కడా పేరు లేదంటే, ఆ సభ్యులు ఢిల్లీలోనే లేకపోవచ్చు, పార్టీతో కలిసి వాకౌట్ చేసి ఉండవచ్చు, సభలో ఉండి కూడా ఓటు వేయకపోయి ఉండవచ్చు, ఆ సమయానికి సభాపతి స్థానంలో కూర్చుని ఉండవచ్చు. యంత్రం పని చేయనప్పుడు చీటీల ద్వారా ఇచ్చిన ఓట్లు జాబితా కింద దిద్దుబాటుగా చేరుతాయి, ఆ చిన్న అక్షరాలను కూడా చదవండి. హాజరు పట్టికతో సరిపోల్చుదామనుకుంటారేమో. ఉదయం సంతకం చేసిన సభ్యుడు రాత్రి ఓటింగ్‌కు ఉన్నారని అది చెప్పదు. కాబట్టి గైర్హాజరు అని రాయకండి. ఓటు నమోదు కాలేదు అని రాసి, వాకౌట్ జరిగిందేమో ఆనాటి చర్చల్లో చూసి పక్కన చేర్చండి.

ఇంత కష్టపడి సేకరించినా ఆ ఓటు సభ్యుడిది కాదు, పార్టీది. 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదవ షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటు వేయకుండా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉన్నది. విప్, అంటే ఆ పార్టీ ఆదేశం, జారీ అయిన బిల్లుపై ఐదుగురు సభ్యుల ఓట్లు రాయడమంటే వారి పార్టీల పేర్లు రాయడంతో సమానం. నా మట్టుకు నేను పత్రంలో ఓట్లకు నాలుగు వరుసలకు మించి స్థలం ఇవ్వను.

కాజీపేట రైల్వే విశ్రాంత ఉద్యోగి:

ఓట్ల సంగతి పైవారు చెప్పారు. ప్రశ్నల గురించి నేను చెబుతాను. ముప్పై ఏళ్లుగా కాజీపేటకు సంబంధించిన ప్రతి ప్రశ్ననూ, దానికి వచ్చిన ప్రతి జవాబునూ కత్తిరించి దాచుకోవడం నాకు అలవాటు.

సంఖ్యను బట్టి ర్యాంకులు ఇవ్వవద్దని మీ మిత్రులకు చెప్పండి. లోక్‌సభలో ఒక రోజు జాబితాకు నక్షత్ర గుర్తు గల ప్రశ్నలు (సభలో నోటిమాటగా జవాబు చెప్పేవి) 20, గుర్తు లేనివి (రాతపూర్వక జవాబు ఇచ్చేవి) 230 మాత్రమే వస్తాయి. వచ్చిన నోటీసులు ఎక్కువైనప్పుడు ఎవరివి ముందు రావాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. ఒక రోజున ఒక సభ్యుడి పేరున ఐదుకు మించి రావు, వాటిలో నక్షత్ర గుర్తుది ఒక్కటే. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కనుక సంఖ్య పెరగడానికి కావలసినది, ప్రతి సమావేశానికీ గడువు తప్పకుండా నోటీసులు పంపగల ఒక చురుకైన సహాయకుడు, కొంత అదృష్టం. పైగా ఒకే విషయంపై పలువురు అడిగినప్పుడు ప్రశ్నలను కలిపేసి, అందరి పేర్లూ ఒకే ప్రశ్నపై వేస్తారు. లెక్కలో మాత్రం అది ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడుతుంది. దేశంలో ఫలానా పథకం కింద రాష్ట్రాల వారీగా ఎంత ఖర్చయింది అని అడిగి, వచ్చే సమావేశంలో పథకం పేరు మార్చి మళ్లీ అదే అడిగేవారు ఉన్నారు. అది తప్పని అనను. దాని వల్ల పట్టికలు పుట్టుకొస్తాయి, పత్రికలకు పనికొస్తాయి. కానీ అటువంటి యాభై ప్రశ్నలను, ఒక శాఖను మూలకు నెట్టిన ఒక్క ప్రశ్నతో ఏ తక్కెడలో తూస్తారు?

మూలకు నెట్టడమంటే ఏమిటో మా కాజీపేట సంగతితోనే చెబుతాను. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలులో కోచ్ ఫ్యాక్టరీ ఇస్తామని ఉన్నదని అందరూ అంటారు. నిజానికి అక్కడ ఉన్నది, తెలంగాణలో రైలు పెట్టెల కర్మాగారం నెలకొల్పడానికి గల సాధ్యాసాధ్యాలను రాష్ట్ర ఆవిర్భావ దినం నుంచి ఆరు నెలల్లోగా రైల్వే పరిశీలించి, సత్వరం నిర్ణయం తీసుకోవాలని. ఇప్పుడు రెండు రకాల ప్రశ్నలను ఊహించండి. చట్టం ప్రకారం కోచ్ ఫ్యాక్టరీ ఎప్పుడు ఇస్తారు అన్నది మొదటిది. దీనికి మంత్రిత్వ శాఖ చట్టంలో ఉన్నది పరిశీలన మాత్రమేనని ఒక్క వాక్యంలో తప్పుకోగలదు. ఆపైన ప్రశ్నలోని (బి), (సి) భాగాలకు ప్రశ్నే ఉత్పన్నం కాదు అని రాస్తే జవాబు ముగిసినట్టే. రెండవ రకం ప్రశ్న ఇలా ఉంటుంది: ఆ పరిశీలన ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగిసింది, ఎవరు చేశారు, ఆ నివేదికను సభ ముందు ఉంచుతారా, ఆ తరువాత తీసుకున్న నిర్ణయం ఏమిటి, ఆరు నెలలు దాటి ఉంటే కారణం ఏమిటి? దీనికి ఉత్పన్నం కాదని రాయడం కుదరదు. తేదీలు రాయాలి, లేకపోతే లేవని రాయాలి. లేవని రాసినా అది రికార్డే.

2023 జూలై 8న ప్రధానమంత్రి వరంగల్‌కు వచ్చి కాజీపేట రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి అడగవలసినవి మారాయి: మంజూరైన మొత్తంలో ఏ ఏడాది ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, ఏడాదికి ఎన్నింటిని తయారు చేసే సామర్థ్యం ఉంటుంది, స్థానికంగా ఉద్యోగాలు ఎన్ని. సభ్యులు ఈ మార్పును గుర్తించారా, లేక పదేళ్ల నాటి నినాదాన్నే ప్రశ్నగా మార్చి పంపుతున్నారా అన్నది మీ పత్రంలో కనబడాలి. మామునూరు విమానాశ్రయానికీ ఇదే వరుస. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న నిబంధన ఉన్నది. ఆ నిబంధన గురించి అడిగినవారు అసలు అడ్డంకిని పట్టుకున్నారు. విమానాలు ఎప్పుడు ఎగురుతాయని అడిగినవారికి త్వరలోనే అన్న జవాబు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాత భూసేకరణ, నిధుల ప్రశ్నలు ముందుకు వచ్చాయి.

మరొక మాట. జవాబులో సమాచారాన్ని సేకరిస్తున్నారు, సభ ముందు ఉంచుతారు అని గానీ, విషయం పరిశీలనలో ఉన్నది అని గానీ ఉంటే దానిని వదిలేయకండి. అటువంటివాటిని సభకు ఇచ్చిన హామీలుగా ఎంచి, ప్రభుత్వ హామీల సంఘం అనే సభ్యుల కమిటీ వెంటపడుతుంది. నెరవేర్చడానికి సాధారణ గడువు మూడు నెలలు. గడువులు పొడిగిస్తూ పోవడం, ఒక్కొక్కసారి హామీని వదిలివేయడానికి మంత్రిత్వ శాఖ అనుమతి కోరడం, అన్నీ ఆ సంఘం నివేదికల్లో ఉంటాయి. మీ ఐదుగురిలో ఎవరి ప్రశ్న నుంచి హామీ పుట్టింది, అది ఏమయింది అన్న ఒక్క వరుస, మీ మిత్రుల ర్యాంకుల కంటే ఎక్కువ చెబుతుంది.

నర్సంపేట న్యాయవాది:

కాజీపేట వారి వివరణతో నాకు పేచీ లేదు. విలేకరి గారు ఓట్లను నాలుగు వరుసలకు కుదించడంతోనే విభేదిస్తున్నాను. విప్ ఉన్నది కాబట్టి ఓటు పార్టీదే అంటే, ఆ పార్టీని ఎంచుకున్నది ఎవరు? అనర్హత ప్రమాదం ఉన్నదన్నంత మాత్రాన సభ్యుడు ఓటు బాధ్యత నుంచి తప్పుకోలేరు. ఓటును డబ్బుతో మార్చిన ఆరోపణలు కూడా మన చరిత్రలో ఉన్నాయి. 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చాయి. ఆ ఓటింగ్ నుంచి పుట్టిన కేసులో, లంచం తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యులకు రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు చెప్పినదానిని, 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. ప్రశ్నలూ ఇందుకు అతీతం కాదు; డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరులో రెండు సభల నుంచి మొత్తం పదకొండు మందిని బహిష్కరించారు. ఓటు మీద అనుమానం ఉంటే దానిని మరింత వివరంగా రాయాలి, తగ్గించి రాయకూడదు. నా సలహా ఏమిటంటే, డివిజన్ జరిగిన ప్రతి బిల్లుకూ ఓటుతో పాటు, అదే బిల్లుపై ఆ సభ్యులు చర్చలో మాట్లాడారా, మాట్లాడితే ఏ అంశంపై అభ్యంతరం చెప్పారో రాయండి. విప్ చేతిని కట్టివేస్తుందేమో గానీ నోటిని కట్టివేయదు. అభ్యంతరం చెప్పి అనుకూలంగా ఓటు వేసినవారికీ, ఏమీ అనకుండా ఓటు వేసినవారికీ తేడా ఉన్నది.

ఇంకొకటి, మీ పత్రం చదివేవారికి నియోజకవర్గ హద్దులు చెప్పండి. మా నర్సంపేట ఉన్నది వరంగల్ జిల్లాలోనే, కానీ లోక్‌సభకు మేము మహబూబాబాద్ కిందికి వస్తాము. ములుగు కూడా అంతే. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం గురించి వరంగల్ సభ్యులు ఏమి అడిగారని వెతికి, ఏమీ అడగలేదని నింద వేసేవారిని చూశాను. 2014 చట్టంలో ఉన్న ఆ విశ్వవిద్యాలయానికి పార్లమెంటు చట్టం వచ్చింది 2023 డిసెంబరులో. మధ్యలో తొమ్మిదేళ్లు ఎవరు ఎన్నిసార్లు గుర్తు చేశారో తెలియాలంటే మహబూబాబాద్, ఆదిలాబాద్ సభ్యుల ప్రశ్నలు చూడాలి. అలాగే కాలువలు, స్థానిక రోడ్లు, వీధి దీపాల మీద లోక్‌సభలో ప్రశ్న లేదని ఎవరినీ తప్పుపట్టకండి, కేంద్రానికి బాధ్యత లేని విషయాలపై ప్రశ్నను అనుమతించరు.

కరీంనగర్ నుంచి ఒకరు:

ఐదుగురినీ ఒకే వరుసలో పెట్టడమే కుదరదన్నది మీరెవరూ గమనించినట్టు లేదు. మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. మా కరీంనగర్ సభ్యులు 2024 జూన్‌లో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు. అప్పటి నుంచి ఆయన ప్రశ్నల గడిలో సున్నా వేస్తే అది పనితీరు కాదు, నియమం. మంత్రులు హాజరు పట్టికలో సంతకం కూడా చేయరు. పాత సభల లెక్కలు తీసినా ఇదే జాగ్రత్త కావాలి. హనుమకొండ అనే లోక్‌సభ స్థానం 2009 ఎన్నికలకు ముందు వరకు ఉండేది. 1980లో అక్కడి నుంచి గెలిచిన పి.వి. గారు విదేశాంగ మంత్రిగా ఉన్నారు. ఆ సంవత్సరాల్లో ఆయన పేరున ప్రశ్నలు వెతికి ప్రయోజనం ఉండదు, జవాబుల్లో వెతకాలి.

హనుమకొండ పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ర్యాంకుల ఆలోచన విరమించుకోవడానికి మా మిత్రులు అంగీకరించారు, కొంత అయిష్టంగానే. కరీంనగర్ వారు చెప్పినట్టు మంత్రిగా ఉన్న కాలాన్ని గీత గీసి వేరు చేస్తాము. ఓట్ల విషయంలో న్యాయవాది గారి పద్ధతి బాగున్నది కానీ, దానికి చర్చల పాఠం అంతా చదవాలి. కాబట్టి మూడు నాలుగు బిల్లులకు మించి పెట్టుకోలేము. చివరి సందేహం ఒకటి: శాసనసభ్యుల విషయంలోనూ ఇదే పద్ధతి సాధ్యమేనా? వరంగల్ లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల వారినీ చేర్చాలని ఒత్తిడి వస్తున్నది.

విశ్రాంత విలేకరి, వరంగల్:

న్యాయవాది గారి ప్రసంగం సూచన మంచిదే. ఒక్క అభ్యంతరం చెబుతాను: పెద్ద బిల్లులపై మాట్లాడే అవకాశాన్ని కూడా పార్టీయే పంచుతుంది, కేటాయించిన నిమిషాలు పార్టీ బలాన్ని బట్టి ఉంటాయి. మాట్లాడలేదంటే మౌనం వహించారని అర్థం కాదు. ఆ గడి ఖాళీగా ఉంచండి, వ్యాఖ్య రాయకండి.

శాసనసభ సంగతికి వస్తే, ఓట్ల వరుస ఆశ వదులుకోండి. అక్కడ బిల్లులు మూజువాణి ఓటుతో పోతాయి, డివిజన్ అరుదు. ప్రశ్నలు మాత్రం పనికొస్తాయి. చర్చలు ఎక్కువగా తెలుగులోనే జరుగుతాయి కనుక, ఢిల్లీ జవాబుల్లో ఉన్న ఇంగ్లీషు, హిందీ ఇబ్బంది మీ పాఠకులకు అంతగా ఉండదు. రోడ్లు, కాలువలు, ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ విశ్వవిద్యాలయం ఖాళీలు, ఇవన్నీ అడగవలసిన చోటు కూడా అదే. అయితే శాసనసభ సమావేశాలు కొద్ది రోజులే సాగుతాయి, ప్రశ్నోత్తరాల సమయం రద్దయితే ప్రశ్న జాబితాలోనే మిగిలిపోవచ్చు. కాబట్టి ఏడాది మొత్తానికి కాకుండా, గత బడ్జెట్ సమావేశం ఒక్కదానికే పరిమితం చేసుకోండి. వెబ్‌సైట్‌లో దొరకని జవాబుల కోసం శాసనసభ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రశ్న సంఖ్య, తేదీ, సభ్యుల పేరు రాసి జవాబు ప్రతిని అడగాలి. పనితీరు వివరాలు ఇవ్వండి అని అడిగితే అటువంటి సమాచారం తమ వద్ద లేదని తిప్పి పంపుతారు. ముప్పై రోజుల గడువు ఉంటుంది కనుక, వచ్చే సమావేశానికి ఇది అందదు. ఈసారికి లోక్‌సభతోనే ముగించి, శాసనసభ్యులను, వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల, ఉపాధ్యాయ స్థానాల మండలి సభ్యులను కలిపి ఆ తరువాతి నెలకు పెట్టుకోండి.